రోహిణి కార్తెను తట్టుకునే హోమ్ థియేటర్ పీసీ: ఫ్యాన్ లేని క్యాబినెట్ ఎంచుకోవడం ఎలా?

ఫ్యాన్ లేని క్యాబినెట్ కొనేటప్పుడు అందరి చూపూ ముందు వాట్ల సంఖ్య మీదకే పోతుంది. 65 వాట్లు అని రాసి ఉంటే 65 వాట్ల ప్రాసెసర్ పెట్టేయొచ్చు అనుకుంటారు. మన ఎండలకు ఆ లెక్క చెల్లదు. ఈ క్యాబినెట్లలో ప్రాసెసర్ వేడి రాగి హీట్ పైపుల గుండా పక్కనున్న అల్యూమినియం గోడకు, అక్కడి నుంచి గదిలో గాలికి చేరుతుంది. గది 10 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. మధ్యలో ఆదుకునే ఫ్యాన్ ఏదీ లేదు.

అందుకని మీ గదికి తగ్గ లెక్క మీరే వేసుకోవాలి. కంపెనీ చెప్పిన 65 వాట్లు 25 డిగ్రీల గదిలో, ప్రాసెసర్ 95 డిగ్రీలకు చేరే హద్దు అనుకుందాం. అంటే 65 వాట్లకు 70 డిగ్రీల పెరుగుదల, వాటుకు సుమారు 1.1 డిగ్రీ. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలాఖరున ఏసీ వేయని హాలు మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉంటుందనుకోండి. ప్రాసెసర్ 85 దాటకూడదంటే మిగిలేది 45 డిగ్రీలే. దాన్ని 1.1తో భాగిస్తే 41 వాట్లు. పెట్టె మీద 65 అని రాసిన క్యాబినెట్ రోహిణి కార్తెలో మోసేది అంత. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా, కొనడానికి ముందు ఇంతకంటే పనికొచ్చే లెక్క లేదు.

సినిమాలు చూడ్డానికి 41 వాట్లు ధారాళంగా సరిపోతాయి. 4కె వీడియోను విప్పే పని ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగమే చేసేస్తుంది. కోడి (Kodi) అనే సినిమా ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో సినిమాలు ఆడించడమే పని అయితే ఇంటెల్ ఎన్100 చాలు. దాని టీడీపీ (కంపెనీ చెప్పే వేడి లెక్క) 6 వాట్లు, ఇప్పటి 4కె వీడియోల్లో వాడే హెచ్ఈవీసీ, ఏవీ1 ఫార్మాట్లు రెండూ విప్పుతుంది. దాన్ని కొన్ని బోర్డుల మీద హీట్‌సింక్‌తో సహా బిగించే అమ్ముతారు, అప్పుడు హీట్ పైపుల క్యాబినెట్ అవసరమే లేదు. పైనా కిందా చిల్లులున్న మామూలు చిన్న క్యాబినెట్ చాలు. వేగం ఇంకాస్త కావాలంటే ఇంటెల్‌లోనే ఐ3-12100టీ స్థాయి చూడండి. అయితే దాని 35 వాట్లు మూల సంఖ్య మాత్రమే, కాసేపు వేగం పెంచుకునే టర్బోలో 69 వాట్ల దాకా లాగుతుంది. బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) పీఎల్1, అంటే ఎంతసేపైనా లాగే హద్దు, 35 వాట్లు, పీఎల్2, అంటే కాసేపు మాత్రం లాగే హద్దు, 45 వాట్లు అని కట్టేయండి. చాలా బోర్డులు ఈ హద్దులను వదిలేసి వస్తాయి, ఫ్యాన్ లేని పీసీలు వేడెక్కి నత్తనడక నడవడానికి తరచూ కారణం ఇదే. టీ రకం దొరక్కపోతే మామూలు 12100 కొని ఇవే హద్దులు పెట్టినా ఫలితం దాదాపు అంతే. ఏఎండీ వాళ్ల రైజెన్ 5600జీ అయితే ఎకో మోడ్‌లో 45 వాట్లకు దించాలి. మ్యాడ్‌వీఆర్ లాంటి, వీడియో నాణ్యత పెంచే సాఫ్ట్‌వేర్‌లకు వేరే గ్రాఫిక్స్ కార్డు కావాలనుకునేవారు ఫ్యాన్ లేని చిన్న క్యాబినెట్ ఆలోచన మానుకోవడమే మంచిది.

క్యాబినెట్‌లో ముందు చూడాల్సినవి రెక్కలు. నిలువుగా ఉండాలి, మధ్య సందు కనీసం 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఉండాలి. ఫ్యాన్ లేనప్పుడు గాలి తనంతట తానే పైకి లేవాలి కాబట్టి, ఒత్తుగా ఉన్న సన్న రెక్కలు చూడ్డానికి ఎక్కువ వైశాల్యం అనిపించినా గాలిని బిగబడతాయి. యానోడైజ్ చేసినదే, అంటే పైన ఆక్సైడ్ పొర ఎక్కించినదే కొనండి. మెరుగుపెట్టిన వట్టి అల్యూమినియం వేడిని వికిరణంతో సరిగా వదలదు. నలుపా వెండిరంగా అన్నది మాత్రం మీ ఇష్టం, యానోడైజ్ అయ్యాక ఆ తేడా లెక్కలోకి రాదు.

స్ట్రీకామ్ ఎఫ్‌సీ8 లాంటి పడుకోబెట్టే రకం టీవీ కింద అందంగా ఇమిడిపోతుంది. దాన్ని పక్కకు నిలబెడితే రెక్కలు అడ్డమవుతాయి, ప్రాసెసర్ పైన, గోడ కింద అయితే హీట్ పైపుల శక్తి కూడా తగ్గుతుంది. అదే కంపెనీ నిలువుగా ఉండే డీబీ4కి 65 వాట్లని చెబుతారు, ఎల్‌హెచ్6 అనే అదనపు కిట్ వేస్తే ఇంకా ఎక్కువ. అకాసా వాళ్లు నక్ (NUC) అనే బుల్లి పీసీల బోర్డుల కోసం చేసే క్యాబినెట్లు ఫలానా మోడల్‌కే కుదురుతాయి, వెనక పోర్టుల రంధ్రాలు ఆ బోర్డును బట్టే కోసి ఉంటాయి. మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా సరిపోల్చుకోండి.

డబ్బు కట్టేముందు బోర్డు కుదురుతుందో లేదో చూడాలి, ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. పైపుల పొడవు, వంపు ముందే ఖరారై ఉంటాయి. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ నుంచి గోడకు ఎంత దూరం, ఆ దారిలో ఎత్తైన ర్యామ్, వీఆర్ఎం (ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగం) హీట్‌సింక్ అడ్డొస్తాయా అన్నది కంపెనీ ఇచ్చిన కొలతల బొమ్మను బోర్డు ఫొటోతో పోల్చి తేల్చుకోండి. పైపు చేరకపోతే చేత్తో వంచొద్దు, నొక్కు పడితే లోపలి ఆవిరి దారి మూసుకుపోయి అది పనికిరాకుండా పోతుంది. బిగించే కిట్ కూడా సాకెట్‌కు తగ్గదే కావాలి. ఎల్‌జీఏ1200 అనే ఇంటెల్ సాకెట్‌లో రంధ్రాల మధ్య 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ1700లో 78. పాత స్టాకు క్యాబినెట్‌లో పాత కిట్టే రావచ్చు.

ప్రాసెసర్ చల్లగా ఉన్నా ఎస్ఎస్‌డీ మాడిపోవచ్చు. పైపులు ప్రాసెసర్ వేడిని మాత్రమే తీసుకెళ్తాయి, మిగతా భాగాల వేడి పెట్టెలోనే ఉండిపోతుంది. కాబట్టి మూతకూ అడుగుకూ చిల్లులుండాలి. ఎస్ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాట్ వెనకవైపున్న బోర్డు తీసుకోవద్దు. ఎం.2 ఎస్ఎస్‌డీ మీద హీట్‌సింక్ అతికించండి. హార్డ్ డిస్కులు లోపల పెట్టకుండా సినిమాలను ఇంకో గదిలోని నాస్‌లో (నెట్‌వర్క్ మీద పనిచేసే డిస్కుల పెట్టెలో) ఉంచుకుంటే వేడితో పాటు గరగర శబ్దం కూడా తప్పుతుంది. పవర్ సప్లై బయట అడాప్టర్, లోపల కరెంటును పంచే చిన్న పీకో బోర్డు ఉన్నది మేలు, ఆ వేడి పెట్టెలోకి రాదు. 12 వోల్టుల పీకోకు ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ మాత్రం గుచ్చొద్దు, బోర్డు పోతుంది. ఒళ్లంతా అల్యూమినియం కాబట్టి వైఫైకి, బ్లూటూత్ రిమోట్‌కు బయట యాంటెన్నా తప్పనిసరి.

బిగించేటప్పుడు మొదట పేస్ట్ లేకుండా అన్నీ అమర్చి చూడండి. పైపులు గాడుల్లో వాటంతటవే కూర్చోవాలి. ఆ తర్వాత ప్రాసెసర్ మీద, దాని పైనుండే దిమ్మె గాడుల్లో, గోడవైపు గాడుల్లో పొడవునా పలుచగా పేస్ట్ రాయాలి. పెట్టెతో వచ్చే చిన్న గొట్టం చాలకపోవచ్చు, 4 గ్రాములది విడిగా తెచ్చుకోండి. స్క్రూలను ఎదురెదురు మూలలకు కొద్దికొద్దిగా బిగిస్తూ రండి. ఒకసారి విప్పి చూస్తే గాడిలో పేస్ట్ అంతటా నలిగి ఉండాలి. ఎక్కడైనా రాగి తళతళా కనిపించిందంటే అక్కడ పైపు తగలడం లేదన్నమాట. గోడవైపు బిగింపు పలక వదులైతే ఇలాగే అవుతుంది.

తలుపులున్న షోకేసులో దీన్ని పెట్టొద్దు. రెండు పక్కలా పైనా 10 సెంటీమీటర్ల ఖాళీ వదలండి, సెట్‌టాప్ బాక్సును నెత్తిన పెట్టకండి. పరీక్షకు పది నిమిషాలు చాలవు, అంత లోహం పూర్తిగా వేడెక్కడానికే గంట పైన పడుతుంది. మధ్యాహ్నం ఏసీ ఆపి, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే ప్రైమ్95 సాఫ్ట్‌వేర్‌ను రెండు గంటలు నడిపి, వేడి కొలిచే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రాసెసర్, ఎస్ఎస్‌డీ వేడి చూడండి. పక్క గోడ చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే కంగారుపడక్కర్లేదు, వేడి బయటికొస్తోందనే అర్థం. గోడ గోరువెచ్చగా ఉండి ప్రాసెసర్ 95 చూపిస్తే మాత్రం తప్పు పేస్ట్‌లోనో బిగింపులోనో ఉంది. రెండూ వేడిగానే ఉండి 85 దాటుతుంటే పీఎల్1ను 5 వాట్ల చొప్పున దించుతూ మళ్లీ నడపండి. చలికాలంలో కొన్నవాళ్లు ఈ పరీక్షను ఏప్రిల్‌లో ఇంకోసారి చేయాలి. ఆ పనిలో పనిగా రెక్కల మధ్య దుమ్మును పెయింట్ బ్రష్‌తో దులిపేయండి.