పాత పటమా, కొత్త ప్రింటా? భూతద్దం పెట్టి చూడండి

మా పర్లాకిమిడి, బరంపురం వైపు చాలా పాత ఇళ్లలో రవివర్మ లక్ష్మీదేవి పటం కనిపిస్తుంది. అది నిజంగా ఆనాటి ముద్రణా, మొన్నమొన్నటి కాపీనా అని తేల్చుకోవాలంటే వాచీలు బాగుచేసేవాళ్ల భూతద్దం ఒకటి అడిగి తెచ్చుకుని చీర రంగు మీద పెట్టి చూడండి. చుక్కలు ముగ్గులోలాగా కొలిచినట్టు వరసగా ఉంటే ఆఫ్‌సెట్ ప్రింట్ (ఈ కాలపు మెషిన్ అచ్చు) అనుకోవచ్చు. చిన్నా పెద్దా కలిసి అడ్డదిడ్డంగా ఉంటే లితోగ్రాఫ్ (రాతి అచ్చు) అయ్యే అవకాశం ఎక్కువ, 1894లో ముంబైలో మొదలైన రవివర్మ ప్రెస్‌లో రాళ్ల మీంచి రంగు తర్వాత రంగు అచ్చేసేవారు మరి. ఫ్రెంచ్ చిత్రకారుడు తులూజ్ లొట్రెక్ 1891లో పారిస్‌లోని మూలాన్ రూజ్ అనే నాట్యశాలకి వేసిన పోస్టర్‌దీ ఈ పద్ధతే.

ఇలాంటి పాత రంగు అచ్చులు ఇంకా చూడాలనుంటే, యూరప్ కోటలు, వీధుల 1890ల నాటి ఫోటోక్రోమ్‌లు (రంగుల్లో అచ్చేసిన ఫోటోలు) అమెరికా వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పెద్ద ఫైలే దించుకుని జూమ్ చేయండి. అవి బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌కి ప్రెస్‌లో రంగులద్దినవి, కాబట్టి కిటికీల తీరు నమ్మండి కానీ గోడ రంగు నమ్మొద్దు (నాకైతే ఆ దొంగ రంగులే ఇష్టం). ఇంట్లో పటాన్ని మాత్రం ఫ్రేమ్‌లోంచి లాగకండి, అద్దానికి అతుక్కుని ఉంటే చిరుగుతుంది.