వాల్వుల పని నేర్చుకుందాం – 5: తిరగని చక్రం, ఆగని నీళ్లు

ఈసారి గేటు (వాల్వు లోపల దిగి నీళ్లను ఆపే తలుపు) శుభ్రం చేయడం చెప్తానని పోయిన పాఠంలో మాటిచ్చినాను. చెప్తాను. అయితే ముందు గ్లాండు సంగతి తేలాలి. చక్రం కింది కడ్డీ (స్పిండిల్) వెంట నీళ్లు కారకుండా దాని చుట్టూ వేసే తాడు ప్యాకింగ్, ఆ తాడును పైనుంచి నొక్కి పట్టేది గ్లాండు. నాలుగో పాఠం చదివి స్లూయిస్ వాల్వులకు (లైనులో గేటు దించి నీళ్లు ఆపే వాల్వులకు) ప్యాకింగ్ మార్చినవాళ్లు వరసగా ఫోన్లు చేసినారు. అందరిదీ ఒకటే మాట, చక్రం బిగుసుకుపోయిందని. ముద్దనూరు వైపు పంచాయతీ లైన్‌మ్యాన్ ఒకాయన, "సార్, మీరు చెప్పినట్టే చేసినా. కారేది ఆగిపోయింది, వాల్వు కూడా ఆగిపోయింది" అన్నాడు.

"మరి ఏం చేసినావప్పా?"

"రెండడుగుల జి.ఐ. పైపు తొడిగి తిప్పినా సార్. చక్రం తిరిగింది గానీ నీళ్లు ఆగల్యా."

నీళ్లు ఎట్లా ఆగుతాయి? లోపల గేటును పట్టుకుని ఉండేది గన్‌మెటల్ (ఒకరకం కంచు) నట్టు. స్పిండిల్ దానికంటే గట్టిది. పైపు తొడిగి బలం పెడితే ఆ నట్టు మరలు చెక్కుకుపోతాయి. ఆ తర్వాత చక్రం ఎంతైనా తిరుగుతుంది, గేటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అరగంట గ్లాండు పని కాస్తా లైను ఆపి, బోనెట్ (వాల్వు పై మూత) విప్పి, నట్టు మార్చే పనైంది. ఇంకెవరూ చక్రానికి పైపు తొడగొద్దు.

బిగుసుకుపోవడానికి నాకు కనబడిన కారణాలు మూడు. మొదటిది, బాక్సు (స్పిండిల్ చుట్టూ తాడు కూర్చునే గూడు) అడుగున పాత తాడు చుట్టు ఉండిపోవడం. పైన మూడు తీసి, నాలుగోది రాకపోతే దాని మీదే కొత్తవి వేసేసినారు. అది రాయి అయి ఉంటుంది, తీయాల్సిందే. నేను సైకిల్ పుల్ల కొస సానబట్టి, కొక్కెంలా వంచి పెట్టుకుంటాను, బజారులో దొరికే కొక్కెం కంటే నాకదే చేతికి బాగుంటుంది. కొక్కెం మొన స్పిండిల్ వైపు కాకుండా బాక్సు గోడ వైపు ఉండాలి. స్పిండిల్ మీద గీత పడితే ఎంత మంచి తాడు వేసినా ఆ గీత వెంట నీళ్లు వస్తూనే ఉంటాయి.

రెండోది తాడు సైజు. బాక్సు లోపలి కొలతలోంచి స్పిండిల్ మందం తీసేసి సగం చేయాలి. 52లో 32 పోతే 20, సగం 10 మిల్లీమీటర్లు. ఇంత చిన్న లెక్క ఉండగా తాడిపత్రిలో ఒక అబ్బాయి 12 తాడును సుత్తితో కొట్టి సన్నం చేసి దూర్చినాడు. కొడితే తాడు అల్లిక విడిపోతుంది, లోపలి గ్రాఫైటు రాలిపోతుంది. సైజు దొరక్కపోతే రెండు రోజులు ఆగండి.

ఇక మూడోది. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చదువుకున్న ఫిట్టర్లు కూడా ఇక్కడే తప్పుతారు. గ్లాండు బోల్టులు బిగిస్తే తాడంతా సమానంగా నొక్కుకుంటుందని అనుకుంటారు. నొక్కుకోదు. పైనుంచి గ్లాండు నొక్కినప్పుడు మొదటి చుట్టు పక్కలకు ఉబ్బి ఒకవైపు స్పిండిల్‌ను, ఇంకోవైపు బాక్సు గోడను పట్టుకుంటుంది. ఆ పట్టులోనే బలం సగం ఖర్చయిపోతుంది. రెండో చుట్టుకు తక్కువ అందుతుంది, మూడోదానికి ఇంకా తక్కువ. అయిదో చుట్టుకు చేరేది ఏమీ ఉండదనే అనుకోండి. కింది చుట్లు వదులుగా ఉన్నాయి కాబట్టి నీళ్లు కారుతాయి. కారుతున్నాయని మీరు ఇంకో తిప్పు బిగిస్తారు. ఆ తిప్పు పోయేది ఇప్పటికే గొంతు పట్టుకుని ఉన్న పై చుట్టు మీదికే. అది స్పిండిల్‌ను ఇంకా పిసుకుతుంది, తనలోని గ్రీజు కక్కేస్తుంది, ఎండి గట్టిపడుతుంది. నీళ్లు కారడం ఆగేది కింది చుట్లు కుదురుకున్నందుకు కాదు, ఒక్క పై చుట్టే స్పిండిల్‌ను ఉడుం పట్టు పట్టినందుకు. ఆ పట్టుకు చక్రం తిరగదు. మీరు పైపు తెస్తారు.

అందుకే ఒక్కో చుట్టు వేసినప్పుడే దాన్ని అడుగుదాకా నొక్కి కూర్చోబెట్టాలి. నేను స్పిండిల్ మీదికి సరిగ్గా దిగే పి.వి.సి. పైపు ముక్కను నిలువుగా రెండుగా కోసి పెట్టుకుంటాను. చుట్టు వేయడం, ఆ ముక్కలతో నొక్కడం, చక్రాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పడం, తర్వాతే రెండో చుట్టు. అతుకులు ఒకదాని కింద ఒకటి రాకూడదని పోయినసారి చెప్పినాను, మళ్లీ చెప్పను. తాడును ముక్కలు చేయకుండా బావి గిలకకు చేద చుట్టినట్టు ఒకటే చుట్టేసినవాళ్లు మాత్రం మొత్తం తీసేసి మొదటినుంచి చేయండి. అట్లా చుట్టిన తాడు వెంబడే నీళ్లు మెట్లు దిగినట్టు వచ్చేస్తాయి.

చుట్లన్నీ పడ్డాక గ్లాండు పెట్టి రెండు నట్లూ చేత్తో ఆగేదాకా తిప్పండి. పానా తర్వాత. పానాతో ఈ నట్టు ఒక పలక, ఆ నట్టు ఒక పలక. పలకంటే నట్టుకున్న ఆరు ముఖాల్లో ఒకటి, అంటే చుట్టులో ఆరో వంతు. పలక పలకకూ చక్రం తిప్పి చూడాలి. గ్లాండుకూ బోనెట్‌కూ మధ్య సందు రెండువైపులా ఒకటే ఉందా లేదా అన్నది రూపాయి బిళ్లలు దూర్చి చూసుకోవచ్చు. ఒకవైపు రెండు బిళ్లలు పట్టి ఇంకోవైపు ఒకటే పడితే గ్లాండు వంకరగా దిగుతోంది. చక్రం ఒంటిచేత్తో తిరగాలి. లైనులో నీళ్లు వదిలినాక చెమ్మ కనబడితే ఇంకో పలక, అంతే.

ఇంకో తలనొప్పి ఉంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను, "గ్లాండు చుక్కలు చుక్కలుగా కారాలి కదన్నా, అందుకే వదులుగా పెట్టినా" అన్నాడు. ఆ మాట పంపుకు. పంపు షాఫ్టు నిమిషానికి వెయ్యి చుట్లకు పైనే తిరుగుతుంది, ప్యాకింగ్ కాలకుండా చల్లబరచడానికి చుక్కలు కారాలి. వాల్వు స్పిండిల్ వారానికోసారి తిరిగితే గొప్ప. దానికి చల్లదనం ఎందుకు? వాల్వు గ్లాండు పొడిగానే ఉండాలి.

ఇప్పుడు గేటు.

వాల్వు పూర్తిగా మూసినా నీళ్లు పోతుంటే పాస్ అవుతోందంటాం. మొదటి పరీక్షకు పానా అక్కర్లేదు, పుస్తకం చాలు. ఈ వాల్వు బాగున్నప్పుడు ఎన్ని చుట్లకు మూసుకునేదో రాసుకున్నారా? 24 చుట్లకు మూసుకునేది ఇప్పుడు 21కే ఆగిందంటే గేటు కింద గాడిలో ఇసుకో, తుప్పు పెళ్లో, రాతిముక్కో ఉంది. 24 పూర్తిగా తిరిగి కూడా పాస్ అవుతుంటే సీటు (గేటు వచ్చి ఆనుకునే చోటు) అరిగింది. 30 తిరిగినా ఆగకపోతే మన ముద్దనూరు కథే.

గాడిలో చెత్త ఉంటే దాన్ని తీయాల్సింది నీళ్లే. కింది వైపు స్కవర్ వాల్వు (లైనులోని మురికినీళ్లు బయటికి వదిలేది) తెరిచి నీళ్లకు దారివ్వండి. మన వాల్వును మూసి, రెండు మూడు చుట్లు తెరిచి వదలండి. ఆ సన్న సందులోంచి నీళ్లు గాడిని ఊడ్చుకుంటూ పోతాయి. రెండు నిమిషాలాగి మూయండి, చుట్లు లెక్కపెట్టండి. 21 కాస్తా 22 అయితే దారిలో ఉన్నట్టే, మళ్లీ చేయండి. స్కవర్‌లో ఎర్రనీళ్లు పోయి తెల్లనీళ్లు వచ్చేదాకా ఓపిక పట్టాలి. చక్రాన్ని మాత్రం మెల్లగా తిప్పండి. పొడుగు లైనులో పారే నీళ్లను టక్కున ఆపితే వాటర్ హ్యామర్ (ఆగిన నీళ్ల దెబ్బ) కొట్టి ఎక్కడో జాయింటు విడుస్తుంది.

మన దగ్గర సీట్లు తొందరగా అరగడానికి ఒక కారణముంది, చెప్తే లైన్‌మ్యాన్లకు కోపం వస్తుంది. రెండు ఊళ్లకు నీళ్లు పంచడానికి స్లూయిస్ వాల్వును సగం తెరిచి నెలలకు నెలలు వదిలేస్తారు. ఈ వాల్వుకు తెలిసింది రెండే, పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం. సగంలో ఉంటే గేటు గడగడ కొట్టుకుంటుంది, నీళ్ల ఉరవడికి సీటు కోసుకుపోతుంది. పంపకానికి గ్లోబ్ వాల్వు పెట్టించుకోండి. అనంతపురం పల్లెల్లో ఎన్ని తగాదాలు ఈ చక్రం చుట్టూ తిరుగుతాయో నాకూ తెలుసు. అయినా అంటాను.

కడగడంతో తేలకపోతే బోనెట్ విప్పాలి. పై వాల్వు మూయడం, తాళం వేయడం, లైను ఖాళీ చేయడం మీకు తెలిసినవే. గుంత మీది కడప బండను మాత్రం గడ్డపారతో లేపండి, కింద వేళ్లు పెట్టొద్దు, తేళ్లుంటాయి. లేపినాక కాసేపు గాలి ఆడనిచ్చి దిగండి, పైన ఒక మనిషి ఉండాలి. బోనెట్ నట్లు ఒక్కసారిగా తీయకుండా, మీకు దూరంగా ఉన్నదాన్ని ముందు వదులు చేయండి. ఇంకా ఒత్తిడి మిగిలి ఉంటే నీళ్లు అటు చిమ్ముతాయి, మీ ముఖానికి కాదు.

గేటు మీద తెల్లటి పెంకు కనబడుతుంది. మన బోరు నీళ్ల సున్నం అది. దానికి బాత్‌రూం యాసిడ్ వాడేవాళ్లున్నారు. వద్దు. అది సున్నంతోపాటు పోత ఇనుమును కూడా తింటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, నీళ్ల ట్యాంకుల దగ్గర బ్లీచింగ్ పౌడరు మూటలుంటాయి. ఆ యాసిడ్ బ్లీచింగ్ మీద పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, గుంతలో ఉన్నవాడు పైకి రాలేడు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాములు కలిపి గేటును ముంచితే బుడగలు వస్తాయి. బుడగలు ఆగినాక తీసి, మంచినీళ్లతో కడిగి, వెంటనే గుడ్డతో తుడవండి. రాత్రంతా నానబెట్టొద్దు. గన్‌మెటల్ రింగుల మీద వైరు బ్రష్షు, హ్యాక్సా బ్లేడు వాడకూడదు, చెక్క పుల్ల, గుడ్డ చాలు.

రింగు అరిగిందా లేదా తెలియాలంటే ఫ్యాక్టరీల్లో ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పూస్తారు. నేను ఇంట్లో కాటుక వాడతాను. గేటు రింగుకు పలుచగా పూసి, సీటులోకి దించి ఒకసారి నొక్కి తీయండి. సీటు మీద మచ్చ రింగంతా తెగకుండా వస్తే మంచిదే. ఎక్కడ తెగిందో అక్కడే నీళ్లు పోతున్నాయి. తెగినచోట సానబట్టే పేస్టు పెట్టి రుద్దడం మొదలుపెట్టకండి, అది ఆరో పాఠం.

అభ్యాసం: మీ లైనులోని ప్రతి స్లూయిస్ వాల్వుకూ మూసే చుట్లు, తెరిచే చుట్లు లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. అన్నిటికీ రాయాలి, దూరంగా గుట్ట మీదున్నదానికి కూడా. నీళ్లు వదిలే టైము కానప్పుడు, మీ పైవాళ్లకు చెప్పి చేయండి. పూర్తిగా తెరిచినాక అర చుట్టు వెనక్కి తిప్పి వదలండి. ఎండాకాలం మధ్యాహ్నం చక్రం చేతికి కాలుతుంది కాబట్టి గుడ్డ తీసుకుపోండి. చుట్లు లెక్కపెట్టేటప్పుడు చక్రం మీద ఒకచోట సున్నంతో గీత పెట్టుకోకపోతే పదిహేను దాటినాక తప్పకుండా లెక్క తప్పుతారు.