ఊబకాయం – మూడో పాఠం: టేపు ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) లెక్క చెప్పి, ఇంట్లో అందరివీ కట్టి పంపమన్నాను. వచ్చిన కాగితాలన్నీ రెండు రోజులు కూర్చుని చూశాను. ఈసారి కారణాల్లోకి వెళ్లాలనుకున్నాను గానీ, అవి చూశాక ముందు కొలతే సరిచేయాలనిపించింది. కొలత తప్పితే, లేని జబ్బుకు కారణం వెతుకుతూ కూర్చుంటాం.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక తమ్ముడు రాశాడు. ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు, బరువు 70 కిలోలు, బీఎంఐ 29. భయపడి రాత్రి అన్నం మానేశాడట. క్యాలిక్యులేటర్‌లో అతను 5.10 అని కొట్టాడు. యంత్రానికి అది ఐదడుగుల మీద అడుగులో పదో వంతు, అంటే 155 సెంటీమీటర్లు. అతని అసలు ఎత్తు 177.8. ఆ ఎత్తుకు బీఎంఐ 22 మాత్రమే. అడుగుల్ని 12తో హెచ్చవేసి, పై అంగుళాలు కలిపి, మొత్తాన్ని 2.54తో హెచ్చవేస్తే సెంటీమీటర్లు వస్తాయి. ఇది అందరికీ తెలిసినదే అనుకుని వదిలేయడం నా పొరపాటు. తమ్ముడూ, ఈ రాత్రి నుంచి కడుపునిండా తిను.

మర్రిగూడ వైపు నుంచి ఒక కోడలు తన అత్తగారి లెక్క పంపింది. ఎత్తు 136, బరువు 46, బీఎంఐ దాదాపు 25. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని చెప్పాను కాబట్టి, అత్తగారికి ఊబకాయం అంచుకు వచ్చిందని ఆమె కంగారు. కానీ ఉత్తరంలో చివరి వాక్యం చూడండి: 'ఫ్లోరైడ్ నీళ్ల వల్ల అత్తమ్మ నడుము వంగిపోయింది.' వంగిన వెన్నుతో నిలబెట్టి కొలిస్తే అది ఆమె ఎత్తు కాదు. ఎత్తు తగ్గినకొద్దీ బీఎంఐ ఉత్తుత్తిగా పెరుగుతుంది. ఇలాంటి పెద్దలకు రెండు చేతులూ బారచాపించి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస వరకు కొలవండి. పెద్దవాళ్లలో బార ఇంచుమించు ఎత్తుకు సమానం. ఒక చెయ్యి చాపలేకపోతే గొంతు కింది గుంట నుంచి బాగున్న చేతి మధ్యవేలి కొస వరకు కొలిచి రెట్టింపు చేయండి. ఆ కోడలు మళ్లీ కొలిచి పంపింది: 150. బీఎంఐ 20. అత్తమ్మ తినే ముద్దలో కోత పెట్టకముందే ఈ సంగతి తేలినందుకు నాకు ఎంత ఊరటగా ఉందో చెప్పలేను.

ఇక అసలు విషయం. బీఎంఐతో పాటు నడుము కొలత కూడా పంపమన్నాను. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దు అని రాశాను. వచ్చిన వాటిలో చాలా కొలతలు పనికిరావు. తప్పు టేపులో లేదు, 'నడుము' అనే మాటలో ఉంది. మన భాషలో నడుమంటే మొలతాడు ఉండే చోటు, చీర కుచ్చిళ్లు దోపుకునే చోటు, నొప్పి పుట్టే వెన్ను కింది భాగం కూడా. డాక్టర్లు కొలవమనేది వీటిలో ఏదీ కాదు. అందుకే ఇక మీదట నేను 'పొట్ట చుట్టుకొలత' అనే అంటాను. మీరూ అలాగే అనండి.

మగవాళ్ల సంగతి. 'నా ప్యాంటు సైజు 34, అంటే 86 సెంటీమీటర్లు, హద్దులోనే ఉన్నాను' అని ఒకరు రాశారు. 'మొలతాడు వదులుగానే ఉంది' అని ఇంకొకరు. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు కిందికి జారుతుంది. మొలతాడూ అంతే. పొట్ట కింది సన్నని చోట రెండూ హాయిగా నిలుస్తాయి, పదేళ్లయినా సైజు మారదు. ప్యాంటు సైజు రాసినాయన మా ఊరివాడే కాబట్టి ఇంటికి పిలిచి కొలిచాను. 101 వచ్చింది. దయచేసి ప్యాంటు సైజును కొలతగా ఎవరూ రాయకండి. కుట్టు సైజు బట్టకు సంబంధించినది, ఒంటికి కాదు.

ఆడవాళ్లది మరో చిక్కు. లంగా నాడా ముడి గట్టిగా బిగించీ బిగించీ ఆ చోట చర్మం మీద చార పడుతుంది. కొందరికి అక్కడ నల్లగా కాయ కాసి ఉంటుంది. టేపు చుట్టగానే తిన్నగా వెళ్లి ఆ గాడిలో కూర్చుంటుంది. దేవరకొండలో ఒక చెల్లెలికి ఆ గాడిలో 78 వచ్చింది. సరైన చోట పెడితే 86. ఆమె బీఎంఐ 23, అంటే హద్దు మీద ఉంది. టేపు గాడిలోనే ఉండి ఉంటే ఆమెకు షుగరు పరీక్ష చేయించమని నేను చెప్పేదాన్నే కాదు.

సరైన చోటు ఇది. చొక్కా ఎత్తి, పక్కవైపు చేత్తో తడిమి అట్టడుగు పక్కటెముక అంచు పట్టుకోండి. పెన్నుతో చుక్క పెట్టండి. అదే వరుసలో కిందికి వస్తే తుంటి ఎముక పై అంచు తగులుతుంది. అక్కడ ఇంకో చుక్క. రెండింటి మధ్యలో మూడో చుక్క. టేపు ఆ మూడో చుక్క మీదుగా, నేలకు సమాంతరంగా, వెనక కూడా జారకుండా తిరగాలి. బొడ్డును గురుతుగా పెట్టుకోకండి, పొట్ట వేలాడితే బొడ్డూ దిగుతుంది. ఊపిరి మామూలుగా వదిలాక చదవండి. పొట్ట లోపలికి పీల్చవద్దు. టేపు ఒంటిని ఆనుకోవాలి, చర్మంలోకి దిగకూడదు. పాత దర్జీ టేపులు సాగిపోయి ఉంటాయి, ఒకసారి ఇనుప స్కేలుతో సరిచూసుకోండి. బరువు తూచడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ముప్పై ఏళ్లు ఊళ్లలో తిరిగి కొలిచిన నాకు టేపు కంటే దారమే ఇష్టం. మనిషి ఎత్తుకు సరిగ్గా దారం తెంపి, సగానికి మడిచి, మూడో చుక్క మీదుగా పొట్ట చుట్టూ తిప్పండి. కొసలు కలిస్తే మంచిది. కలవకపోతే పొట్ట ఎత్తులో సగం దాటింది. అంకెలు రానివాళ్లకూ అర్థమవుతుంది. గర్భిణులకు, పొట్టలో నీరు చేరినవాళ్లకు మాత్రం దారమూ టేపూ రెండూ వద్దు.

పొట్ట మీద ఇంత పట్టుదల ఎందుకంటే, 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పక్కపక్కన ఇద్దరు డాక్టర్లు, పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బీఎంఐకి కండా కొవ్వూ ఒకటే. పొట్ట లోపల, కాలేయంలో చేరే కొవ్వు షుగరుకు దారి తీస్తుంది. అది మనవాళ్లకు సన్నగా ఉండగానే చేరుతుంది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డలు ఇంగ్లండ్ బిడ్డల కంటే చాలా తేలిక. కానీ తగ్గింది కండే, చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు. కరువులో, వలసలో కడుపు మాడ్చుకున్న తల్లులున్న పాలమూరులో ఈ సంగతి నన్ను చాలా ఆలోచింపజేస్తుంది. తిండి తగినంత దొరకని ఇంట పుట్టిన బిడ్డ పెద్దయ్యాక పొట్ట పెంచుకుంటే, ఆ తప్పు ఒక్క అతని నాలుకది కాదు.

కారణాల్లో ఇవాళ రెండే. 'థైరాయిడ్ వల్లే' అని చాలామంది రాశారు. థైరాయిడ్ తగ్గితే బరువు పెరుగుతుంది, నిజమే. కానీ సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి. ఇరవై కిలోల్ని మాత్రం దాని మీదికి నెట్టకండి.

రెండోది ఎవరూ రాయలేదు. కీళ్ల నొప్పులకు ఊళ్లో పొట్లం కట్టి ఇచ్చే మాత్రలు. వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి మింగితే ముఖం గుండ్రమవుతుంది, పొట్ట పెరుగుతుంది, కాళ్లూ చేతులూ సన్నబడతాయి. పొట్లంలో మాత్ర పేరు ఉండదు. పేరున్న పట్టీ ఇవ్వమని అడగండి. అలాగని వాడుతున్నది ఒక్కసారిగా ఆపవద్దు, ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొట్లం చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికే వెళ్లండి.

జొన్నరొట్టె గురించి అడిగినవారికి ఒక్క మాట. నాగార్జునసాగర్ నీళ్లు వచ్చాక మనం జొన్న వదిలి అన్నానికి మారాం కాబట్టే లావయ్యామంటారు. జొన్నలో పీచు ఎక్కువ, కేలరీలు మాత్రం బియ్యానికి ఇంచుమించు సమానం. రొట్టె మంచిదే, కానీ నూనె పోసి కాల్చి నాలుగు తింటే లాభమేమీ ఉండదు.

అభ్యాసం. ఇంట్లో ఐదుగురు పెద్దవాళ్లను తీసుకోండి. ఒక్కొక్కరిని పొద్దున్నే పరగడుపున మూడు రోజులు వరుసగా కొలవండి, రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ చుక్కలు తుడిచి మళ్లీ పెట్టి. రెండు కొలతల మధ్య సెంటీమీటరుకు మించి తేడా వస్తే మూడోసారి కొలవండి. నాకు సగటు వద్దు, అన్ని అంకెలూ కావాలి. వాటితో పాటు నూనె ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాసి, అయిపోయిన రోజు మళ్లీ రాయండి. లీటరంటే 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో అది వారంలో అయిపోతే మనిషికి రోజుకు 32 గ్రాములు పైనే, దాదాపు 290 కేలరీలు. మీ ఇంటి లెక్క వచ్చాక నాలుగో పాఠం దానితోనే మొదలుపెడతాను.