సర్టిఫికెట్ లాగిన్ ఒక్కసారిగా అందరికీ ఆగిపోయిందా? సీఆర్‌ఎల్ చూడండి, కానీ సరైన సీఆర్‌ఎల్

నిన్న సాయంత్రం దాకా బాగానే నడిచిన వీపీఎన్ లాగిన్ పొద్దున్నే మొరాయిస్తుంది. ఎవరూ ఏమీ మార్చలేదంటారు, చాలాసార్లు అది నిజమే. అప్పుడు జనం మొదట చేసే పని యూజర్‌కి కొత్త సర్టిఫికెట్ ఇవ్వడం. దానివల్ల ఒరిగేదేమీ లేదు. చూడాల్సింది సీఆర్‌ఎల్‌ని, అంటే రద్దయిన సర్టిఫికెట్ల జాబితాని.

ముందు ఈ రెండూ చూడండి, దయచేసి

ఒకటి, పరికరం గడియారం. సీఆర్‌ఎల్‌లో ఉండే సమయాలు యూటీసీలో ఉంటాయి. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే పద్ధతి) అందక పాత తేదీతో లేచిన రౌటర్‌కి కొత్త జాబితా ‘ఇంకా మొదలే కాలేదు’ అనిపిస్తుంది.

రెండోది, సీఆర్‌ఎల్ చిరునామా ఆ పరికరం నుంచే తెరుచుకుంటోందా అన్నది. మీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటే సరిపోదు. డీఎన్‌ఎస్, ఫైర్‌వాల్, ఏ ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి వెళుతోంది అన్నవన్నీ అక్కడ వేరు. సర్టిఫికెట్‌లో రాసి ఉన్నది ఎల్‌డీఏపీ (కంపెనీ డైరెక్టరీని చదివే పద్ధతి) చిరునామా ఒక్కటే అయితే డొమైన్‌లో లేని పరికరం దాన్ని చాలాసార్లు చదవలేదు. మామూలు హెచ్‌టీటీపీ పెట్టండి. జాబితా మీద సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే సర్వర్) సంతకం ఎలాగూ ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ పెడితే ఆ సైట్ సర్టిఫికెట్ రద్దయిందో లేదో చూడటానికి మళ్లీ సీఆర్‌ఎల్ కావాలి, అక్కడే చక్కర్లు కొడతారు.

లక్షణం: ఒక్కరికే రావడం లేదు

ఇది చాలా వరకు సీఆర్‌ఎల్ గొడవ కాదు. సర్టిఫికెట్ గడువు, అందులో క్లయింట్ అథెంటికేషన్ ప్రయోజనం ఉందా, ఏ ఖాతాకి ముడిపడి ఉంది అన్నవి చూడండి. విండోస్ డొమైన్ కంట్రోలర్‌లో ఈవెంట్ 39 కనిపిస్తే ఆ ముడి బలంగా లేదని అర్థం. ముడి బలంగా ఉండాలన్న నిబంధన 2022 మే అప్‌డేట్‌తో మొదలై 2025లో పూర్తిగా అమల్లోకి వచ్చింది.

లక్షణం: అందరికీ ఒకేసారి పోయింది

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (సర్టిఫికెట్లను తనిఖీ చేసే లైబ్రరీ) మీద నడిచే వాటిలో లాగ్ చూడండి. ఎర్రర్ 3 అంటే సీఆర్‌ఎల్ దొరకలేదు. ఎర్రర్ 12 అంటే దొరికింది, కానీ గడువు దాటింది. 12 వస్తే ఇక్కడ కాస్త ఆగండి, నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే.

చాలా చోట్ల సీఏ రెండంతస్తులుగా ఉంటుంది. పైన రూట్, కింద సర్టిఫికెట్లు జారీ చేసే సీఏ. భద్రత కోసం రూట్ మెషీన్‌ని ఆపేసి తాళం వేస్తారు. పద్ధతి మంచిదే. అయితే జారీ చేసే సీఏ సర్టిఫికెట్ రద్దయిందో లేదో చెప్పే జాబితా మీద సంతకం పెట్టాల్సింది రూటే. ఆ జాబితాకీ గడువుంటుంది. కింది సీఏ తన జాబితాని తనే ప్రచురించుకుంటుంది, విండోస్ సీఏలో డిఫాల్ట్‌గా వారానికోసారి. రూట్ జాబితాకి ఆరు నెలలో ఏడాదో గడువు పెట్టుకుంటారు, ఆ రోజొచ్చేసరికి మెషీన్ ఆన్ చేయాల్సింది మాత్రం మనిషే. ఆ మనిషి ఈలోపు ఉద్యోగం మారిపోయి ఉంటాడు.

నేను మొదటిసారి ఇరుక్కున్నప్పుడు కింది సీఏ జాబితాని నాలుగుసార్లు తెరిచి చూశాను. ప్రతిసారీ గడువు ఇంకా ఐదు రోజులుంది! లాగ్ మాత్రం గడువు దాటిందనే అంటోంది. ఎవరి జాబితా అన్నది అది సూటిగా చెప్పదు. పక్కనే ఉండే ‘డెప్త్’ అంకె చెబుతుంది, దాన్ని నేను పట్టించుకోలేదు. డెప్త్ 0 అంటే యూజర్ సర్టిఫికెట్, అంటే కింది సీఏ జాబితా. డెప్త్ 1 అంటే కింది సీఏ సర్టిఫికెట్, అంటే రూట్ జాబితా. విండోస్‌లో అయితే సర్ట్‌యుటిల్ కమాండ్‌ని వెరిఫై, యూఆర్‌ఎల్‌ఫెచ్ ఆప్షన్లతో నడిపితే ఒక్కో అంతస్తుకీ విడిగా చూపిస్తుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే, పాత టీఎల్‌ఎస్ సెషన్‌ని కొనసాగిస్తున్న వాళ్లకి లాగిన్ కాసేపు పనిచేస్తూనే ఉంటుంది. దాంతో ‘కొందరికి వస్తోంది కదా’ అని అందరూ నెట్‌వర్క్ మీద పడతారు.

పరిష్కారం: రూట్‌ని ఆన్ చేసి కొత్త జాబితా తీయండి, పాత ఫైల్ పేరుతోనే పాత చోట పెట్టండి, పరికరాల్లో సీఆర్‌ఎల్ కాష్ తుడవండి. ఎన్‌జింక్స్ వెబ్ సర్వర్ తన డిస్క్‌లోని ఫైల్‌ని చదువుతుంది కాబట్టి వెబ్‌లో మార్చినంత మాత్రాన దానికి తెలియదు. కాపీ చేసి రీలోడ్ చేయాలి. పైగా దానికిచ్చే ఫైల్‌లో రూట్ జాబితా, కింది సీఏ జాబితా రెండూ ఉండాలి, ఒకటి లేకపోతే మళ్లీ ఎర్రర్ 3.

మానిటరింగ్ కూడా పెట్టండి, కానీ సైట్ బతికుందా అని కాదు. ఫైల్ లోపలి ‘నెక్స్ట్ అప్‌డేట్’ తేదీకి నెల ముందే అలర్ట్ రావాలి. గడువు దాటిన ఫైల్‌ని కూడా వెబ్ సర్వర్ 200 (అంతా బాగుంది) కోడ్‌తో చక్కగా ఇస్తూనే ఉంటుంది.

ఈ టెన్షన్‌లో ఎవరో ఒకరు రద్దు తనిఖీనే తీసేద్దాం అంటారు. సిస్కో రౌటర్‌లో అయితే రద్దు తనిఖీ సెట్టింగ్‌లో సీఆర్‌ఎల్ తర్వాత ‘నన్’ (ఏదీ వద్దు) చేర్చవచ్చు, అప్పుడు జాబితా అందనప్పుడు మాత్రమే వదిలేస్తుంది. చేస్తే ఎప్పుడు తీసేయాలో రాసి పెట్టుకోండి. నేను చూసిన ‘తాత్కాలికం’ ఒకటి రెండేళ్లు అలాగే ఉంది.

లక్షణం: రద్దు చేసినా లాగిన్ అవుతున్నాడు

కాష్‌లో ఉన్న పాత జాబితా దాని గడువు దాకా చెల్లుతుంది. ఇది లోపం కాదు, సీఆర్‌ఎల్ పనిచేసే తీరే అంత. వెళ్లిపోయిన ఉద్యోగిని వెంటనే ఆపాలంటే ఖాతానే డిసేబుల్ చేయండి.

అరుదైనవి

డెల్టా సీఆర్‌ఎల్ (గత జాబితా తర్వాతి మార్పులు మాత్రమే ఉండేది) ఫైల్ పేరులోని ప్లస్ గుర్తుని మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ అడ్డుకోవడం: డబుల్ ఎస్కేపింగ్ అనుమతించండి. ఓసీఎస్‌పీ (ఒక్కో సర్టిఫికెట్ రద్దయిందో లేదో అడిగినప్పుడు చెప్పే పద్ధతి) సర్వర్ సంతకం సర్టిఫికెట్ గడువు తీరడం: కొత్తది ఇవ్వండి.