బ్లూస్కై ఏపీఐలో రిప్లై రాస్తున్నారా? రూట్ జాగ్రత్త

సోషల్ నెట్‌వర్క్ బ్లూస్కైలో ఏపీఐతో, అంటే మీ ప్రోగ్రామ్ నుంచి నేరుగా, రిప్లై పెట్టాలంటే దాని రికార్డులో (సర్వర్‌కు పంపే డేటాలో) రెండు పోస్టుల వివరాలు ఇవ్వాలి. పేరెంట్ అంటే మీరు జవాబిస్తున్న పోస్టు, రూట్ అంటే ఆ సంభాషణ మొదలైన పోస్టు. ఒక్కోదానికీ యూఆర్ఐ (పోస్టు చిరునామా), సీఐడీ (పోస్టులోని విషయాన్ని బట్టి వచ్చే గుర్తింపు కోడ్) రెండూ కావాలి.

మొదటి పోస్టుకే జవాబైతే పేరెంట్, రూట్ ఒకటే. చిక్కంతా రిప్లైకి రిప్లై ఇచ్చేటప్పుడే. పేరెంట్ పోస్టును తెచ్చుకుని, దాని రికార్డులో 'రిప్లై' కింద ఉన్న రూట్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయండి. పేరెంట్‌నే రూట్‌గా పెట్టేస్తే ఎర్రర్ రాదు, పోస్టు కూడా వెళ్లిపోతుంది, కానీ అసలు థ్రెడ్‌లో సరిగ్గా కనిపించదు. ఎర్రర్ లేదు కాబట్టి తప్పెక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం.

ఒక పోస్టు పరిమితి అయిన 300 అక్షరాలు దాటిన విషయాన్ని ముక్కలుగా పెడుతుంటే అన్నీ ఒకేసారి పంపకండి. ఒక పోస్టుకు వచ్చిన యూఆర్ఐ, సీఐడీలే తర్వాతి దానికి పేరెంట్. రూట్ మాత్రం చివరిదాకా మొదటి పోస్టే.