ముక్కులోంచి మెదడు నీరు కారుతోందా? స్కాన్‌కి వెళ్లే ముందు జాగ్రత్తలు

• ముందుకు వంగితే ఒకే ముక్కు రంధ్రం నుంచి మంచినీళ్లలా చుక్కలు పడుతుంటే మామూలు జలుబని వదిలేయకండి, అది మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు (సీఎస్ఎఫ్) కావచ్చు. డాక్టర్ చెప్పినట్టు శుభ్రమైన చిన్న సీసాలో పట్టి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షకు (అది మెదడు నీరేనా అని తేల్చే పరీక్ష) ఇవ్వండి. టిష్యూతో తుడిచేస్తే ల్యాబ్‌కి ఏమీ మిగలదు.

• ముక్కు గట్టిగా చీదొద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. బరువులెత్తొద్దు.

• సాధారణంగా మొదట తీసేది హై రిజల్యూషన్ సీటీ. పుర్రె అడుగు ఎముకలో చిల్లు ఎక్కడుందో అందులో తెలుస్తుంది. గర్భం అనుమానం ఉంటే ముందే చెప్పాలి.

• ఎమ్మారై తీయాల్సి వస్తే పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవిలో అమర్చే పరికరం), మెదడు రక్తనాళాలకు ఆపరేషన్‌లో పెట్టిన క్లిప్పుల సంగతి దాచొద్దు. పాత ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లండి.

• సీటీ సిస్టర్నోగ్రఫీ అంటే టెన్షన్ సహజమే. నడుములో సూదితో, స్కాన్‌లో స్పష్టంగా కనిపించే అయోడిన్ మందు ఎక్కించి, అది తలవైపు పారేలా పడుకోబెట్టి స్కాన్ తీస్తారు. అందరికీ అవసరం పడదు. రక్తం పలచబడే మాత్రలు, అలర్జీ, ఫిట్స్ ఉంటే ముందే చెప్పండి. మాత్రలు సొంతంగా మాత్రం ఆపొద్దు. ఆ రోజు నీరు కారకపోతే చిల్లు దొరక్కపోవచ్చు, అందుకే కారడం ఆగిందని సూది వేయకముందే చెప్పేయండి.

• జ్వరం, మెడ బిగుసుకుపోవడం, తీవ్రమైన తలనొప్పి, మగత కనిపిస్తే మెదడు పొరల వాపు (మెనింజైటిస్) కావచ్చు. స్కాన్ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.