అమెరికా స్టీరియో సెట్టును 230 వోల్టుల దేశంలో వాడాలంటే

ప్లగ్గు అడాప్టరు పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. 120 వోల్టుల ఆంప్లిఫయర్‌ని దాంతో 230 వోల్టుల సాకెట్లో పెడితే ఒక్క ఫ్యూజుతో పోవడం అదృష్టమే.

ముందు ప్రతి పెట్టెనూ తిప్పి వెనక రేటింగు ప్లేటు చదవండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే పవర్ కార్డు మారిస్తే చాలు. విడి పవర్ అడాప్టరుతో నడిచేవాటికి కొత్త పవర్ అడాప్టరు కొనండి: అవుట్‌పుట్ వోల్టులు, ఏసీయా డీసీయా, ప్లస్ మైనస్ ఎటు అన్నవి పాతదానితో సరిపోవాలి, ఆంపియర్లు తగ్గకూడదు. మామూలు స్పీకర్లతో పేచీ లేదు. సబ్‌వూఫర్‌కు మాత్రం సొంత ప్లగ్గుంటుంది, మరవకండి.

కొన్నిటికి వెనక 115/230 స్విచ్ ఉంటుంది. ప్లగ్గు తీశాకే దాన్ని తిప్పాలి, తర్వాత ఫ్యూజు మార్చాలి. వోల్టేజీ రెట్టింపైతే లాగే కరెంటు సగమవుతుంది కాబట్టి 4 ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు (క్షణకాలపు ఎక్కువ కరెంటును తట్టుకునే రకం) ఉన్నచోట 2 ఆంపియర్లది, 250 వోల్టుల రేటింగుతో వేయండి. పాతదే ఉంచినా సెట్టు పాడుతుంది, కానీ లోపం వచ్చిననాడు ఆ ఫ్యూజు సమయానికి పోదు. పాత రిసీవర్ల వెనక ఏసీ అవుట్‌లెట్లుంటే వాటిలో ఏదీ గుచ్చకుండా టేపు వేసి మూసేయండి. స్విచ్ తిప్పాక వాటిలో వచ్చేది 230 వోల్టులు. అక్కడ గుచ్చిన 120 వోల్టుల డెక్కు కాలిపోతుంది.

స్విచ్ లేకున్నా కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో రెండు ప్రైమరీ వైండింగులు (మెయిన్స్ వైపు తీగచుట్టలు) ఉంటాయి. ఆ సంగతి సర్వీసు మాన్యువల్లోని సర్క్యూట్ చూస్తే తెలుస్తుంది. 115కి ప్యారలల్‌లో (పక్కపక్కన) ఉన్నవాటిని 230కి సిరీస్ (ఒకదాని తర్వాత ఒకటి) చేయాలి, అంటే మొదటిదాని చివరను రెండోదాని మొదలుకు కలపాలి. తిరగేసి కలిపితే షార్టయినట్టే. ఇది మెయిన్స్ వైరింగు తెలిసినవాళ్లు చేయాల్సిన పని. సెట్టు విప్పాక 1 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టరుతో పెద్ద కెపాసిటర్లను ఖాళీ చేసి, మీటరుతో సరిచూసుకోండి. లైనుకు అడ్డంగా 125 వోల్టుల కెపాసిటరు ఉంటే 275 వోల్టుల ఎక్స్2 రకం (లైనుకు అడ్డంగా వాడేందుకు చేసిన సేఫ్టీ కెపాసిటరు) వేయాలి. వేరిస్టరునూ (వోల్టేజీ ఎగసినప్పుడు కాపాడే భాగం) పవర్ స్విచ్ రేటింగునూ వదలొద్దు, చాలామంది మరిచేవి ఇవే. మొదటిసారి 60 వాట్ల ఫిలమెంటు బల్బును లైనుకు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. భగ్గున వెలిగి మసకబారితే వైరింగు సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

ఇవేవీ కుదరకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరే గతి. ప్లేటు మీది వాట్లకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు వీఏ (వోల్ట్-ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం) తీసుకోండి: 350 వాట్లుంటే 525 నుంచి 700. హెయిర్ డ్రయ్యర్లకని అమ్మే తేలికపాటి ఎలక్ట్రానిక్ కన్వర్టరు 1500 వాట్లని రాసున్నా ఆడియోకి వద్దు. అది తరంగాన్ని ముక్కలు చేసి పంపుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి కాలుతుంది. మూడు పిన్నుల సెట్టయితే ఎర్తు అవుట్‌పుట్ దాకా వచ్చే ట్రాన్స్‌ఫార్మరే కొనాలి. ఆన్ చేయగానే ఎంసీబీ పడిపోతుంటే అది ఇన్‌రష్ కరెంటు, అంటే ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా దూసుకొచ్చేది. సాఫ్ట్ స్టార్ట్ (కరెంటును మెల్లగా పెంచే పరికరం) పెడితే తగ్గుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేనిది హెర్ట్జ్. సింక్రోనస్ మోటారు (హెర్ట్జ్‌ని బట్టి తిరిగేది) ఉన్న టర్న్‌టేబుల్‌ను 60 నుంచి 50 హెర్ట్జ్‌కి తెస్తే నిమిషానికి 33⅓ చుట్ల వేగం 27.8కి పడిపోతుంది, పాట ఈడ్చినట్టు వినిపిస్తుంది. దానికి 50 హెర్ట్జ్ పుల్లీ వేయాలి, మోటారు వైపు వ్యాసం 1.2 రెట్లుండాలి. లేదా స్పీడ్ కంట్రోలరు పెట్టుకోవాలి. వేగాన్ని క్వార్ట్జ్ స్ఫటికంతో అదుపు చేసే డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌కి ఈ బెడద లేదు. ప్లేటు మీద 60 హెర్ట్జ్ మాత్రమే ఉన్న ఆంప్లిఫయర్ 50 మీద ఎక్కువ వేడెక్కి గుర్రుమంటే, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీది 100 లేదా 110 వోల్టుల ట్యాపుకి (అవుట్‌పుట్‌కి) మార్చండి. పవర్ కాస్త తగ్గుతుంది, ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్ (ఇనుప గుండె) తేరుకుంటుంది. జపాన్ సెట్లు 100 వోల్టులవి. వాటికి 120 వోల్టుల స్టెప్‌డౌన్ పెడితే 20 శాతం ఎక్కువిచ్చినట్టే.

ఇక ట్యూనరు. అమెరికా రకం ఏఎం డయల్ 10 కిలోహెర్ట్జ్ చొప్పున జరుగుతుంది. 9 కిలోహెర్ట్జ్ ఎడం పాటించే దేశాల్లో చాలా స్టేషన్లు దానికి సరిగ్గా దొరకవు. వెనక 9/10 స్విచ్ ఉందేమో చూడండి.